బ్రేకులు బాగానే ఉన్నాయి

చిన్నోడా,

అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ మేమంతా క్షేమం అని అలవాటుగా రాసేశాను. తర్వాత చూసుకుని "మేమంతా" కొట్టేశాను. ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నేగా. నేను క్షేమమే. నువ్వు కూడా అక్కడ ఒంట్లో బాగానే ఉన్నావని తలుస్తాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. మోకాలి నొప్పి అలాగే ఉంది. మెట్లెక్కేటప్పుడు దాన్ని నాలుగు తిట్లు తిడితే కాస్త తగ్గుతుంది. ఆసుపత్రి లాండ్రీలో పెద్ద మిషన్ మళ్ళీ మొరాయించింది, దుప్పట్లు గుట్టలు పడ్డాయి. పిల్లి బతికే ఉంది, నీ మంచం తనదే అనుకుంటోంది. వ్యాన్‌ను పాత ఇనుము వాళ్ళు తీసుకుపోయారు. వాళ్ళు లాక్కెళ్తుంటే నేను బయటికి రాలేదు, వంటింట్లోనే ఉండిపోయాను.

ఇక అసలు సంగతి. జైలుకు వచ్చే పాస్టరుగారు నీకు బాప్తిస్మం ఇస్తానన్నారని రాశావు. "అమ్మా, యేసు చనిపోయి లేచాడన్నది నిజమో కాదో చెప్పు. నాకు నిద్ర పట్టడానికి చెప్పే మాటలు వద్దు. నిజమైతే నాన్న ఎక్కడో ఉన్నాడు. కాకపోతే ఆయన్ని పూర్తిగా లేకుండా చేసింది నేనే. అబద్ధమైతే ఆ నీళ్ళలో దిగను" అని రాశావు. నీకెప్పుడూ అంతే. చిన్నప్పుడు చేదు మందులో పంచదార కలిపితే ఉమ్మేసేవాడివి. సరే, పంచదార లేకుండానే చెబుతాను, విను.

లాండ్రీలో ఇస్త్రీ చేసే ఆయనకు దేవుడంటే నమ్మకం లేదు. మొన్న అందరి ముందూ నన్ను ఆటపట్టించాడు. "అక్కా, ఇన్నేళ్ళుగా పోయినోళ్ళ దుప్పట్లు ఉతుకుతున్నావు కదా, ఒక్కడైనా తిరిగొచ్చి నా దుప్పటేదీ అని అడిగాడా?" అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. "లేదయ్యా. రారని నాకూ తెలుసు, యేసు సమాధికి వెళ్ళిన ఆ ఆడవాళ్ళకీ తెలుసు. శవానికి పూయడానికని సుగంధ ద్రవ్యాలు పట్టుకుపోయారు పాపం. లేచొస్తాడని ఎవరనుకున్నారు?" అన్నాను. "అయితే ఏడ్చి ఏడ్చి మతిపోయి కనిపించాడనుకున్నారు" అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది.

ఎందుకు గుచ్చుకుందో నీకు చెప్పాలి. మీ నాన్న నాకు వినిపిస్తున్నారు రా. పొద్దున పొయ్యి వెలిగిస్తుంటే బాత్రూమ్‌లో గొంతు సవరించుకుంటారు. సాయంత్రం తాళం తీస్తే లోపల ఎవరో కుర్చీ జరిపినట్టు ఉంటుంది, "వచ్చావా" అనబోయి ఆగినట్టు ఉంటుంది. ఒకసారి "ఆ, వచ్చా" అనేశాను కూడా. నా గొంతు నాకే వినిపించి గబగబా లైటు వేశాను. దుఃఖం మనిషిని ఎంత దూరం లాక్కుపోతుందో నాకిప్పుడు బాగా తెలుసు. ఎక్కడ ఆగిపోతుందో కూడా తెలిసింది. ఒకరోజు ఉండబట్టలేక ఆయనకు కంచం పెట్టాను. పెట్టింది పెట్టినట్టే ఉంది, చివరికి పిల్లి తిన్నది. పక్కింటావిడ వచ్చి ఆ కుర్చీలోనే కూర్చుని బోలెడు కబుర్లు చెప్పింది, ఆవిడకేమీ వినబడలేదు. యేసు శిష్యులు అలా చెప్పలేదు. లేచొచ్చాక ఆయన్ని అందరం కలిసి చూశామన్నారు, మా ముందే కూర్చుని చేప తిన్నాడన్నారు. వాళ్ళదీ నాలాంటి దుఃఖమే అయితే ఒక దగ్గో, ఒక చప్పుడో మాత్రమే మిగిలేది. ఇదంతా ఇస్త్రీ ఆయనతో చెప్పాను. తల గోక్కుని, "ఏమో అక్కా, రాసినోళ్ళు అలా రాసుకున్నారేమో" అన్నాడు.

అదీ న్యాయమైన మాటే. దానికి జవాబు నాకు నీ దగ్గరే దొరికింది. కోర్టులో ఆ రోజు తలుచుకో. ప్రమాదం జరిగినప్పుడు వ్యాన్‌లో మీ నాన్న, నువ్వు తప్ప ఎవరూ లేరు. బ్రేకులు ఫెయిలయ్యాయని ఒక్క మాట అను, మిగతాది నేను చూసుకుంటానన్నాడు లాయరు. అంత పాత వ్యాన్, ఎవరైనా నమ్మేవాళ్ళు. నువ్వు లేచి నిలబడి, "బ్రేకులు బాగానే ఉన్నాయి. నెమ్మదిగా పోరా అన్నాడు నాన్న. ఆ మాటకే కోపమొచ్చి యాక్సిలరేటర్ ఇంకా తొక్కాను" అన్నావు. లాయరు నెత్తి పట్టుకున్నాడు. ఆ హాల్లో నిన్ను నమ్మనివాళ్ళు ఒక్కరూ లేరు. తనను జైలుకు పంపే అబద్ధం ఎవడాడతాడు?

యేసు శిష్యుల్లో పెద్ద, ఆ చేపలు పట్టే ఆయన సంగతీ అంతే. యేసును పట్టుకెళ్ళిన రాత్రి చలిమంట దగ్గర ఒక పనిమనిషి అడిగినందుకే భయపడి, యేసు ఎవరో నాకు తెలీదని ఒట్టు పెట్టుకున్నాడు. ఆ పిరికితనం మనదాకా ఎలా వచ్చింది? వాళ్ళే చెప్పుకున్నారు. కట్టుకథ అల్లేవాళ్ళు తమ పెద్దమనిషి పరువు తామే తీసుకుంటారా? తర్వాత అదే మనిషిని కొట్టినా, జైల్లో వేసినా, యేసు లేచాడన్న మాట వెనక్కి తీసుకోలేదు. పొరబడ్డాడేమో అంటే వింటాను. అబద్ధమాడాడంటే మాత్రం ఒప్పుకోను. అలాంటి సాక్ష్యం నా కడుపున పుట్టినవాడి నోట విన్నాను మరి.

ఇవన్నీ కలిపినా చేతిలో పెట్టి చూపించేంత రుజువు కాదు, నాకు తెలుసు. కొన్ని రోజులు గట్టిగా నమ్మకం ఉంటుంది. కొన్ని రోజులు ఆ కుర్చీ చప్పుడు తప్ప ఏదీ నిజమనిపించదు.

ఇప్పుడు ఇన్నాళ్ళూ దాచిన మాట చెబుతాను. మోకాలి నొప్పి వల్ల నిన్ను చూడ్డానికి రాలేకపోతున్నానని రాస్తూ వచ్చాను. మోకాలు ఒట్టి సాకు రా. నేను నిన్ను క్షమించలేదు. చర్చిలో అందరూ కలిసి ప్రభువు ప్రార్థన చెబుతారు కదా, అందులో మనకు కీడు చేసినవాళ్ళను క్షమించామని చెప్పే చోటికి రాగానే నా నోరు మూతబడిపోతుంది. ఆ మాట దాటాక మళ్ళీ అందుకుంటాను. పక్కన నిలబడే టీచరమ్మ కనిపెట్టేసింది. ఎవరికీ తెలియకుండా, ఆ చోటికి రాగానే నా వంతు కూడా కలిపి కాస్త గట్టిగా అంటుంది. "నెమ్మదిగా పోరా" అని ఆయన అనడం నేను వినలేదు, నువ్వు చెబితేనే తెలిసింది. అయినా రోజూ అది ఆయన గొంతుతోనే వినిపిస్తుంది. అప్పుడు నీ మీద ఎంత కసి పుడుతుందో కన్నతల్లిని, రాయకూడదు. కానీ నువ్వు నిజమే కావాలన్నావు.

ఇదంతా కట్టుకథే అయితే నాకెంత హాయో తెలుసా? మీ నాన్న పోయారు, చంపింది నువ్వు, అక్కడితో సరి. నిన్ను ద్వేషించుకుంటూ, ఈ చప్పుళ్ళు వింటూ నా బతుకు నేను బతికేస్తాను, నన్నెవరూ ఏమీ అనరు. యేసు నిజంగా సమాధిలోంచి లేచి ఉంటే మాత్రం క్షమించమన్న ఆయన మాట నిలిచే ఉంటుంది, నిన్ను వదిలేసే వీలు నాకు లేదు. ఎంత పెనుగులాడినా ఆ మాట నన్ను వదలడం లేదు. ఊరట కోసం నమ్ముతున్నానని ఎవరైనా అంటే నవ్వొస్తుంది. నాకు ఇందులో ఊరటేదీ?

అందుకని శనివారం వస్తున్నాను. రావాలని లేదు, అయినా వస్తున్నాను. నువ్వు ముందుగా మాట్లాడకు, సారీ చెప్పకు, ఏడవకు. చర్చిలో నేను మింగేస్తున్న ఆ మాట నీ ఎదుటే అనడానికి చూస్తాను. అక్కడ నా బదులు అనడానికి టీచరమ్మ ఉండదు. నోరు పెగలకపోతే, జైలువాళ్ళు లేపి పంపేదాకా నీ ముందే కూర్చుని ఉంటాను.

ఇట్లు,
శనివారం దాకా మనసు మారకూడదని వేడుకుంటూ,
మీ అమ్మ