రేసు కారు ఆయిలూ, నా లెక్కలూ

సోమవారం
ఆదివారం మా అమ్మాయి కారు రేసు. ఏడాదంతా ఈ ఒక్కదాని కోసమే కష్టపడింది. మెకానిక్ చూస్తే చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఇంజిన్ ఆయిల్ సంగతి నేను చూసుకుంటానని మాటిచ్చేశాను. బళ్ళో లెక్కలు చెప్పే మనిషికి డబ్బా మీది రెండంకెలు ఒక లెక్కా! తీర్మానం: రోజూ గంట చదువు. ఆ అంకెలు చెప్పే ఆయిల్ గ్రేడ్లన్నీ కొట్టిన పిండి కావాలి.

మంగళవారం
గంటన్నర చదివాను! 5W-30లో W అంటే వింటర్, చలికాలం. ముందు అంకె చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ఎంత తేలిగ్గా పారుతుందో చెబుతుంది. వెనక అంకె వేడెక్కాక ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. భోజనాల దగ్గర వివరించాను. మా ఆవిడ కంచం పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

బుధవారం
పేపర్లు దిద్దాలి. చదువు అరగంటే. పలచనైతే ఇంజిన్ చురుగ్గా తిరుగుతుందట. చిక్కనైతే వేడికి తట్టుకుంటుందట. మరి ఏది మంచిది? ఇంజిన్‌ను బట్టి అని రాశారు. ఇలా రాసినవాడికి నేనైతే సున్నా వేస్తాను.

గురువారం
తలనొప్పి. పుస్తకం పక్కన పెట్టుకుని పడుకున్నాను.

శుక్రవారం
అమ్మాయి 10W-40 పొయ్యమంది. కొట్లో లేదు. కారు షెడ్డులో 5W-30 కొంత, 15W-50 కొంత ఉన్నాయి. ఐదుకీ పదిహేనుకీ సగటు పది. ముప్ఫైకీ యాభైకీ సగటు నలభై. చెరిసగం కలిపి పోసేశాను. దీనికి అంత లావు పుస్తకమా!

శనివారం
ఈరోజు క్వాలిఫైయింగ్. రేపు ఎవరు ముందు నిలబడాలో తేలేది ఇందులోనే. గొప్ప చెప్పుకోకుండా ఉండలేక, సగటు సంగతి అమ్మాయికి చెప్పాను. హెల్మెట్ తీసేసింది. గ్రేడ్లు అలా కలవవట. ఏ ఆయిల్‌లో కలిపే మందులు దానివట. ఇప్పుడు ఇంజిన్‌లో ఉన్నదేమిటో ఎవరూ చెప్పలేరట. అదంతా దింపి, ఫిల్టర్ మార్చి, పక్క షెడ్డువాళ్ళని అడిగి తెచ్చిన ఆయిల్ పోసేసరికి క్వాలిఫైయింగ్ అయిపోయింది. రేపు అందరికన్నా వెనక నుంచి బయల్దేరాలి. పిల్ల ఆయిల్ చేతులు తుడుచుకుంటూ, అన్నం తిన్నావా నాన్నా అనడిగింది. తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను.
తీర్మానం రద్దు. ఇక డబ్బా ముట్టను.

ఆదివారం
ఐదో స్థానం! చిట్టచివర నుంచి బయల్దేరి! కారు దిగి నేరుగా నా దగ్గరికి వచ్చింది.
"వచ్చే రేసుకీ ఆయిల్ నువ్వే పోయాలి నాన్నా. తెలియకపోతే మాత్రం నన్నడుగు."
కళ్ళు తుడుచుకున్నాను. రేపటి నుంచి మళ్ళీ రోజూ గంట చదువు, ఈసారి అమ్మాయి దగ్గర. రేపటిదాకా ఎందుకని, సగటు ఎందుకు పనికిరాదో అక్కడే అడిగేశాను. ఓపిగ్గా చెప్పింది. అలవాటు కొద్దీ తలూపాను. ఆ వెంటనే, అర్థం కాలేదన్నాను. మళ్ళీ మొదటి నుంచి చెప్పింది.