వేరు జిగురు, ట్యాంకు నీళ్ళు

సోమవారం

చెల్లాయికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టబోయి కలం ఆపాను. నువ్వు కుశలంగా లేవు. నేనేమో సంతోషంతో ఒకచోట నిలవలేకుండా ఉన్నాను. ఇలాంటప్పుడు పైన ఏం రాయాలో మన బడి పంతులుగారు నేర్పలేదు. అందుకే నేరుగా సంగతికి వస్తున్నాను. ఫోనులో చెప్పొచ్చుగా అంటావు. ఫోను చెవిన పెట్టుకుంటే నాకు ఆఁ, ఊఁ తప్ప ఇంకేమీ రావని నీకు తెలుసు.

ఈ పరిశోధనశాలలో నేను వేళ్ళు కడిగి, ముక్కలు కోసి, ఎండబెట్టి, నూరుతానని నీకు తెలుసు. ఎందుకు నూరుతున్నానో ఇన్నాళ్ళూ నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. మా డాక్టరమ్మ ఉంది కదా, రోగుల్ని చూసే డాక్టరు కాదు, చదువుకు డాక్టరు. ఆవిడ రెండేళ్ళుగా ఒక తీగ వేరు మీద పడింది. నూరిన పొడిని నేను నీళ్ళలో గంటల తరబడి కాచి గుడ్డలో వడగడతాను. ఆ కషాయంలో స్పిరిట్ పోస్తే పాలు విరిగినట్టు తెల్లటి పోగులు అడుక్కి దిగుతాయి. అదే వేరులోని జిగురు. ఆరబెడితే చిటికెడు పొడి అవుతుంది. దాన్ని పాలీశాకరైడు అంటారు. ఆ మాట పలకడానికి నాకు వారం పట్టింది. వందల చక్కెర గింజల్ని దండ గుచ్చినట్టు ఉంటుందట లోపల. చక్కెర అన్నారు కదా అని నాలిక మీద వేసుకుని చూశాను. గోడకి కొట్టే సున్నంలా ఉంది. ఈ సంగతి డాక్టరమ్మకి తెలియదు.

ఇక అసలు విషయం. మన ఒంట్లో కాపలా కణాలు ఉంటాయి. బయటినుంచి క్రిమి చొరబడితే పట్టి మింగేవి అవే. క్యాన్సరు కణం బయటిది కాదు, మన ఇంట్లో పుట్టి చెడిపోయింది. అందుకని కాపలావాళ్ళు మనవాడేలే అని కునుకుతారట. శుక్రవారం గాజు పళ్ళెంలో ఆ కాపలా కణాల మీద మన జిగురు ఒక చుక్క వేశారు. అవి లేచాయి చెల్లాయ్. లేచినవి పక్కవాటిని లేపడానికి ఒక రసం వదులుతాయి, దాన్ని కొలిచే యంత్రం ఉంది. మామూలు కంటే తొమ్మిదింతలు వచ్చింది. డాక్టరమ్మ పరుగెత్తుకుంటూ నా నూరుడు గదికి వచ్చి, “తాతగారూ, చేతులు కడుక్కుని రండి” అని సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టింది. మొదట నా కనురెప్ప వెంట్రుకలే కనిపించాయి. తర్వాత చూశాను. కాపలా కణాలు కాళ్ళు చాపుకుని క్యాన్సరు కణాన్ని చుట్టేశాయి. కళ్ళముందే అది నలిగిపోయింది. నేను నూరిన వేరు వల్ల.

బయటికొస్తుంటే స్టోరు గుమాస్తా, “ఏం పెద్దాయనా, నవ్వుతున్నావు, పళ్ళు కట్టించుకున్నావా?” అన్నాడు. అవునన్నట్టు తల ఊపి వచ్చేశాను.

నీ రొమ్ములో గడ్డ తీశాక ఆరు విడతల కీమో చెప్పారనీ, మొదటి విడతకే నాలుగు రోజులు మంచం దిగలేదనీ బావ రాశాడు. ధైర్యంగా ఉండు. నీ అన్న చేతుల్లోంచే ఒక మందు వస్తోంది. వేరు పేరు మాత్రం అడగకు, పని తేలేదాకా బయట చెప్పొద్దన్నారు.

నూరి నూరి అరచేతులు పసుపుబారిన
నీ అన్నయ్య

శనివారం

చెల్లాయ్,

నీ ఉత్తరం నిన్న అందింది. వేళ్ళు ఎండబెట్టే అరల మధ్య కూర్చుని చదివాను. “అన్నయ్యా, జన్మకోసారి నోరు విప్పావు, మంచి మాటే చెప్పావు. గురువారం రెండో విడతకి నేను వెళ్ళను. మీ బావ అరిచాడు, అరవనీ. ఆ మందు ఎక్కితే నా ఒళ్ళు నాది కాదు. నీ వేరు ఒక పొట్లం కట్టి పంపు, పేరు చెప్పకపోతే మానె. కాచుకుని తాగుతాను. నీ చేతి మీద నాకు నమ్మకం” అని రాశావు.

స్టోరు తాళం నా దగ్గరే ఉంటుంది. పొట్లం కట్టాను కూడా. పైన నీ అడ్రసు రాసి, మళ్ళీ విప్పి, వేరుముక్కల్ని డబ్బాలో పోసేశాను. తర్వాత ఫోను చేశాను. నువ్వే ఎత్తావు. “పంపావా?” అన్నావు. “ఊఁ” అన్నాను. ఆ ఊఁ అవునో కాదో నాకే తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను. ఇంతవరకు ఎవరికీ చెప్పనిది నీకు చెబుతున్నాను. మధ్యలో ఆపకుండా చివరిదాకా చదువు.

జిగురు తీయడానికి మామూలు నీళ్ళు పనికిరావు. నీటిని ఆవిరి చేసి చల్లార్చే యంత్రం ఒకటి ఉంది, అందులోంచి వచ్చిన శుద్ధజలమే వాడాలి. తొమ్మిదింతలు వచ్చిన ఆ విడత జిగురు తీసిన వారం ఆ యంత్రం కాలిపోయింది. ఈ మాట డాక్టరమ్మకి చెప్పాలి. గది గుమ్మం దాకా వెళ్ళాను. లోపల నలుగురి గొంతులు వినిపించాయి. తిరిగొచ్చేశాను. మేడమీది ట్యాంకు నీళ్ళు పట్టి, మూడు పొంగులు వచ్చేదాకా మరిగించి వాడాను. చిన్నప్పుడు మనకి జ్వరమొస్తే అమ్మ అలాగే మరిగించి ఇచ్చేది కదా. మరిగాక ఇంక ఏ క్రిమి బతుకుతుంది అనుకున్నాను. రిజిస్టరులో శుద్ధజలం అన్న గడిలో రోజూలాగే టిక్కు పెట్టాను. తర్వాత యంత్రం బాగుచేశారు. నేనూ మర్చిపోయాను.

మొన్న బుధవారం డాక్టరమ్మ తన ఫలితాన్ని పదిమంది ముందు పెట్టింది. సీసాలు అందించడానికి నన్ను తలుపు దగ్గర నిలబెట్టారు. వచ్చినవాళ్ళలో తెల్లగడ్డం పెద్దాయన ఒకడు, క్రిములమీద పనిచేసేవాడు, అంతా విని నెమ్మదిగా అడిగాడు.

“నీళ్ళు ఎక్కడివమ్మా?”

“శుద్ధజలమేనండి.”

“ఎందుకడిగానంటే, క్రిమి చచ్చినా దాని తోలు చావదు. ఎంత మరిగించినా పోదు. ఆ తోలు పిసరంత ఉన్నా చాలు, కాపలా కణాలు దొంగ వచ్చాడని గోల మొదలుపెడతాయి. అప్పుడు మీ తొమ్మిదింతల్లో వేరు వంతెంతో, మురికి వంతెంతో ఎవరికీ తెలియదు. మొక్కల జిగురు మీద పనిచేసినవాళ్ళు చాలామంది ఇక్కడే బోర్లాపడ్డారు.”

“మా తాతగారు అలాంటివి జరగనివ్వరండి” అని డాక్టరమ్మ నవ్వుతూ నావైపు తిరిగింది. “అంతే కదా తాతగారూ?”

పదిమందీ నావైపు తిరిగారు. నేను తల ఊపాను. ఇన్నేళ్ళలో నేను ఆడిన అతి పెద్ద అబద్ధం అది చెల్లాయ్. దానికి ఒక్క మాట కూడా అవసరం కాలేదు.

అప్పట్నుంచీ అన్నం సయించడం లేదు. పైగా నీ ఉత్తరం. ఇంకొకటి కూడా చెప్పేస్తాను. పళ్ళెంలో లేచిన కణాలకీ మనిషి ఒంటికీ మధ్య ఏళ్ళ దూరం ఉందనీ, ఎలుకల మీద ఇంకా మొదలే పెట్టలేదనీ డాక్టరమ్మ మొదటిరోజే అంది. ఆ మాట నీకు రాయలేదు. సంతోషంలో మింగేశాను. కాబట్టి నీళ్ళు మంచివే అయినా అది నీకు మందు కాదు. నీళ్ళు చెడ్డవైతే అసలు ఏమీ కాదు. కీమో నీ ఒంట్లో క్యాన్సరుని చంపుతుందని ఎంతోమంది మీద చూసి తేల్చారు. నా జిగురు గాజు పళ్ళెం దాటలేదు. గురువారం వెళ్ళు. నా మీద కోపముంటే కోపంతోనే వెళ్ళు.

నీకు రాయగలిగాను కాబట్టి సోమవారం ఆవిడకీ చెబుతాను. ఈ కవరు నీకు బుధవారానికల్లా అందాలని తపాలా గుమాస్తాని నోరు తెరిచి అడిగాను. అందుతుందన్నాడు.

తప్పు చేసిన
నీ అన్నయ్య

ఆదివారం

చెల్లాయ్,

నీ ఉత్తరం చేతికందేసరికి నేను తడి చేతులతో గంతులేస్తున్నాను. అరవై ఎనిమిదేళ్ళవాడు గంతులేయడమేంటో నీకు అర్థం కావాలంటే మూడు వారాల కిందటి ఆ సోమవారం నుంచి చెప్పాలి.

ఉదయం డాక్టరమ్మ రాకముందే వెళ్ళి ఆవిడ గది ముందు నిలబడ్డాను. వచ్చింది. రాసుకున్న కాగితం జేబులోంచి తీసి చేతికిచ్చాను. “ఏంటిది, సెలవు చీటీనా?” అంటూ చదివింది. చదవడం అయిపోయినా కాగితం మీంచి కళ్ళు ఎత్తలేదు. కళ్ళజోడు తీసి తుడిచింది, తుడిచిందే తుడిచింది.

“బుధవారం తల ఊపారు కదండీ.”

“ఊపానమ్మా.”

“మరి ఇవాళ ఎందుకు చెబుతున్నారు?”

“మా చెల్లెలు కీమో మానేస్తానంటోంది. నేను రాసిన గొప్పలు చదివి.”

ఆవిడ దిగ్గున లేచింది. “ముందు ఆవిడకి చెప్పారా?”

“రాశానమ్మా. వెళుతుందో లేదో తెలియదు.”

“వెళ్ళాలి” అంది. తిట్టి ఉంటే బాగుండేది. రెండేళ్ళ కష్టం చెల్లాయ్. అరలోంచి పాత విడత జిగురు సీసా తీసింది. తర్వాత, “రండి, పీత రక్తానికే వదిలేద్దాం తీర్పు” అంది.

నవ్వులాటకి అందనుకున్నాను, నిజమే. సముద్రంలో గుర్రపుడెక్క ఆకారపు పీత ఒకటి ఉంటుందట, దాని రక్తం నీలం. ఆ రక్తంలోంచి తీసిన సారంలో క్రిమి తోలు పిసరంత తగిలినా గడ్డకడుతుంది. సన్నటి గొట్టంలో మన జిగురు నీళ్ళూ ఆ సారమూ కలిపి గంటసేపు వెచ్చగా ఉంచి, గొట్టాన్ని తలకిందులు చేయాలి. జారితే మంచిది, నిలిస్తే మురికి. పాత విడత గొట్టాన్ని నా చేతే తిప్పించింది. తిప్పాను. చుక్క కూడా జారలేదు. తలకిందులుగా, గట్టిగా, అలాగే నిలబడింది.

“సరే, ఆ తొమ్మిదింతలు పోయినట్టే” అంది డాక్టరమ్మ. “మళ్ళీ కాయగలరా తాతగారూ?”

కాశాను. మూత విప్పని సీసాల శుద్ధజలంతో పాత్రలు కూడా కడిగాను. ఈసారి రిజిస్టరులో టిక్కు పెట్టలేదు. ఏ సీసా, ఏ రోజు, ఎన్ని గంటలకి అని మాటల్లో రాశాను. పాత టిక్కు పక్కన, ఈ వారం వాడినవి ట్యాంకు నీళ్ళు అని రాసి సంతకం పెట్టాను. డాక్టరమ్మ ఆ పేజీ ఫొటో తీసి తెల్లగడ్డం పెద్దాయనకి పంపింది. ఆయన, “మంచి మనిషి దొరికాడమ్మా మీకు, వదలకండి” అని జవాబిచ్చాడట.

కొత్త జిగురు గొట్టాన్ని నిన్న తిప్పాను. జర్రున జారింది. సగం పనైంది. జారడమంటే మురికి లేదని, అంతే. కణాలు లేస్తాయో లేదో వేరే సంగతి. కణాల మీద ఆ జిగురు వేసి రాత్రంతా పళ్ళెంలో ఉంచాం. ఈ ఉదయం ఆదివారమని కూడా చూడకుండా డాక్టరమ్మ వచ్చింది, నేనూ వచ్చాను. యంత్రం కాగితం బయటికి తోస్తుంటే ఇద్దరం ఒకేసారి దాని మీదికి వంగాం. మూడింతలు చెల్లాయ్. ఆవిడ నమ్మక ఇంకో పళ్ళెం కొలిచింది. అందులోనూ మూడింతలే. “ఇవి వేరు వల్లే తాతగారూ, ఈ మూడూ మన వేరు వల్లే” అని నా రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది. వచ్చే నెల ఎలుకల మీద మొదలుపెడతారు.

గంతులు చూసి, సరుకు లెక్కలకని వచ్చిన స్టోరు గుమాస్తా, “తొమ్మిది పోయి మూడు మిగిలితే ఇంత సంబరమా?” అన్నాడు. “తొమ్మిదింట్లో ఎంత నీళ్ళదో తెలియదు. ఈ మూడింట్లో నీళ్ళది ఏమీ లేదు” అన్నాను. “ఓరి, నీకు నోరుందా!” అని కుర్చీలోంచి లేచి చూశాడు. నిన్న సాయంత్రం వచ్చిందని నీ ఉత్తరం అతనే ఇచ్చాడు.

“నీ మొదటి ఉత్తరం ఇరుగుపొరుగుకి కూడా చదివి వినిపించాను. రెండోది ఎవరికీ చూపించలేదు. చిన్నప్పుడు గాజు సీసా పగలగొట్టి మూడు పూటలు మంచం కింద దాక్కున్నవాడివి. అలాంటివాడు ఇన్ని కాగితాలు రాసి నేను తప్పు చేశానంటే, ఇంక నేను దేన్ని పట్టుకుని మొండికేయను? మీ బావ ఆశ్చర్యపోయాడు. ఆ గురువారం వెళ్ళొచ్చాను. వాంతులు అయ్యాయి. జుట్టు ఊడుతోంది. కానీ వెళ్ళొచ్చాను” అని రాశావు. ఆ చివరి మాట దగ్గర నాకు అక్షరాలు కనబడలేదు.

మూడో విడత వచ్చే గురువారం అని బావ చెప్పాడు. సెలవు పెట్టాను. బుధవారం సాయంత్రానికి వచ్చేస్తాను. నీకు మందు ఎక్కిస్తున్నంతసేపూ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాను. మాట్లాడతానని మాత్రం మాట ఇవ్వలేను. కూర్చుంటాను.

నీ అన్నయ్య