వార్తల వెనక హోరు

చిట్టితల్లికి అమ్మ బోలెడు ఆశీస్సులు.

ఇక్కడ మీ నాన్న బాగున్నారు, ఆయన మోకాలు కూడా ఈ వారం మాట వింటోంది. పిల్లి మళ్ళీ ఈని, నీ పుస్తకాల పెట్టెలోనే కాపురం పెట్టింది. నేను బాగున్నానో లేదో ఈ ఉత్తరం చదివాక నువ్వే తేల్చు. ఫోన్ చేద్దామని మూడుసార్లు నంబరు నొక్కాను. నీ గొంతు వింటే అసలు మాట మింగేసి, "తిన్నావా?" అని అడిగి పెట్టేస్తానని భయమేసింది. అందుకే కాగితం పట్టుకున్నాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. నీ నీలం స్వెటర్ పిల్లి కింద దొరికింది, ఉతికి పంపుతాను. మీ నాన్న చక్కెర మానేశానంటున్నారు, సీసా మాత్రం ఖాళీ అవుతోంది. మా రేడియో స్టేషన్ మళ్ళీ పలుకుతోంది, ట్రాన్స్‌మిటర్‌లో కాలిపోయిన భాగం మార్చారు. అది మూగబోయిన రెండు రోజులూ ఊరంతా మమ్మల్ని తిట్టింది. కూరగాయల కొట్టావిడ అయితే, "మీ రేడియో లేక మా ఆయన నాతో కబుర్లు పెట్టుకుంటున్నాడమ్మా, తొందరగా బాగుచేయించండి" అంది.

ఇక నాలుగో ప్రశ్న. దానికోసమే ఈ ఉత్తరమంతా. "ఫ్యాన్ల వేగం చూసుకోవడానికి నేను చేసిన బోర్డులో తప్పెక్కడుందమ్మా? పదిసార్లు గీసి చూశాను, దొరకలేదు. చేసిన తప్పేమిటో కూడా తెలియని దాన్ని ఈ పనికి పనికిరాను. నెలాఖరుకి ట్రైనింగ్ మానేసి వచ్చేస్తాను" అని రాశావు. అది చదివి వంటింట్లో నిలబడ్డచోటే కూలబడ్డాను. పాలు పొంగి స్టవ్ ఆరిపోయినా లేవలేదు. మీ నాన్న పరిగెత్తుకొచ్చి "ఏమైందే, ఎవరికేమైంది?" అని కంగారుపడ్డారు.

విను తల్లీ. నీ బోర్డు రాకముందు నేను చూసుకునే ట్రాన్స్‌మిటర్ గదిలో ఫ్యాన్లు రోజంతా పూర్తి వేగంతో రొద పెట్టేవి. అది బిగించాక వేడిని బట్టి తిరిగాయి, చల్లగా ఉంటే మెల్లగా, వేడెక్కితే జోరుగా. కానీ ఎండ ముదిరి ఫ్యాన్లు హోరెత్తేది సరిగ్గా మధ్యాహ్నం వార్తల వేళకే. గోడ అవతలే స్టూడియో. వార్తలు చదివే ఆయన, అదే, నువ్వు తేనెగొంతు అని పేరు పెట్టిన పెద్దమనిషి, రోజూ నా మీద విరుచుకుపడేవాడు. "నేను స్టూడియోలో ఉన్నానా, పిండిమరలో ఉన్నానా?" అనేవాడు.

నేనో ఉపాయం కనిపెట్టాను. ట్రాన్స్‌మిటర్‌లో వేడెక్కే లోహపు పలకకి నువ్వు క్లిప్పు పెట్టి బిగించిన, వేడి కొలిచే సెన్సర్ ఉంది కదా, మిరియపు గింజంత ఉంటుంది. వార్తలకి ముందు దాన్ని ఊడదీసి, తడిగుడ్డ చుట్టి, వెనకవైపు వేలాడదీసేదాన్ని. పలక కాలిపోతున్నా దానికి చల్లగానే తోచేది, ఫ్యాన్లు నెమ్మదించేవి. పది నిమిషాల్లో వార్తలు అయిపోగానే గుడ్డ తీసి మళ్ళీ బిగించేదాన్ని. నాలుగు నెలలు రోజూ ఇదే పని. నువ్వు కోప్పడతావని ఒక్క ముక్క రాయలేదు. పైగా నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ రోజు వార్తలు అవగానే తేనెగొంతు బయటికొచ్చి, "ఇవాళ చీమ చిటుక్కుమన్నా వినబడేదండీ. రండి, టీ తాగుదాం" అన్నాడు. వెళ్ళాను. తాగాను. సెన్సర్ సంగతి శుభ్రంగా మరిచిపోయాను. మూడింటికి కాలిన వాసన వచ్చింది.

మర్నాడు పెద్దాఫీసు నుంచి వచ్చిన ఇంజనీరు, ఫ్యాన్లు వేగం పుంజుకోలేదు, బోర్డులోనే లోపం ఉందని రాసి, సెన్సర్ తీగ అక్కడే వదిలేసి, బోర్డు ఒక్కటీ ఊడబీకి బీరువాలో పడేశాడు. "మీరు చూశారుగా, సంతకం పెట్టండి" అన్నాడు. పెట్టాను. ఒట్టు, అప్పటికి నాకు గుర్తు లేదు.

నాలుగో రోజు దుమ్ము దులుపుతుంటే వెనక ఎండి అట్టకట్టిన గుడ్డ చేతికి తగిలింది. లోపల నీ సెన్సర్. చుట్టూ చూశాను, ఎవరూ లేరు. గుడ్డ విప్పి సంచిలో దాచుకుని, తలుపు మూసి వచ్చేశాను. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో ఒక్క తప్పుడు మీటరు రీడింగు రాయని మనిషిని, కన్నకూతురి మీద పడ్డ నింద చూస్తూ పదకొండు రోజులు నోరు మూసుకున్నాను. ఉద్యోగం పోతుందని కాదు, నీ దగ్గర చులకనైపోతానని. ఆ పని చేసింది నేనేనా అని ఇప్పటికీ నమ్మలేకపోతున్నాను.

నీ ఉత్తరం చివర ఏం రాశావో గుర్తుందా? "నువ్వు సంతకం పెట్టావంటే చూసే పెట్టి ఉంటావమ్మా" అన్నావు. నన్ను నువ్వు తిట్టినా ఇంత దెబ్బ తగిలేది కాదు.

నిన్న పొద్దున్నే ఆ గుడ్డ తీసుకెళ్ళి డైరెక్టర్ గారి బల్ల మీద పెట్టి అంతా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి, "మీరా?" అన్నారు. తుడిచి పెట్టుకుని మళ్ళీ, "మీరా?" అన్నారు. తేనెగొంతు వార్తల కాగితాలు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఆ ఇంజనీరు నివేదిక రద్దు చేశారు, రద్దు చేసిన కాగితం నకలు దీంతో పంపుతున్నాను, మీ ట్రైనింగ్ సార్‌కి చూపించు. విచారణ అయ్యేదాకా నన్ను ఇంట్లో ఉండమన్నారు. వెళ్ళేముందు బోర్డు నా చేత్తోనే బిగిస్తానని బతిమాలితే ఒప్పుకున్నారు.

మధ్యాహ్నం ఇంట్లో రేడియో పెట్టుకుని కూర్చున్నాను. మొదట్లో వార్తల వెనక ఫ్యాన్ల చప్పుడే వినబడలేదు, తప్పు బిగించానేమోనని రేడియో శబ్దం పెంచాను. వాతావరణం చెప్పే వేళకి వెనక నుంచి సన్నగా మొదలై హోరు పెరుగుతూ వచ్చింది. తేనెగొంతు ఆగలేదు, గొంతు పెంచి చదివాడు. మీ నాన్న "రేడియో పాడైందేమిటే" అంటూ లేవబోతే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను.

"పాడు కాలేదు. అది మన అమ్మాయి" అన్నాను.

ఇట్లు,
నీ ముందు తల దించుకున్న
అమ్మ