మ్యాట్ కింద నా పలక

ఆదివారం

నాయన పాత పికప్ బండిని నేను బాగుచేయడం మొదలుపెట్టి వారమైంది. నాకు స్పానర్ పట్టడమే కొత్త. కొత్త సీట్లు బిగించే ముందు, ఈరోజు డ్రైవర్ కాళ్ల కింది మ్యాట్ లేపి నిర్ఘాంతపోయాను. రేకు తుప్పుపట్టి చిల్లుపడిన చోట, తారుతో అతికించిన బడి పలక! తుడిచి చూస్తే, దాని మీద మేకుతో గీకిన నా పేరు.

రెండో తరగతిలో ఇది పోతే, నా పక్కన కూర్చునే సీను దొంగిలించాడని సార్‌కు చెప్పింది నేనే. సార్ వాడిని అందరి ముందూ బాదాడు. వాడు మళ్లీ బడికి రాలేదు.

నాయనను పిలిచి చూపించాను.

"ఆ పొద్దు రేకు దొరకలేదు రా, అందుకని నీ పలక ఏసినా. మార్కాపురంలో పలకలకేం కరువు? మర్నాడే ఇంకోటి తెచ్చిచ్చినా గదా!" అన్నాడు.

ఆ చిల్లుకు వెల్డింగ్ చేయడానికి నాయన రేపు రమ్మన్నది ఆ సీనునే. పలకను పీకి దాచేద్దామని ఇప్పటికి రెండుసార్లు బండి దగ్గరికి వెళ్లొచ్చాను.