నాఫ్తా వారికి దండాలు

చమురు శుద్ధి కర్మాగారంలో నాఫ్తా చూసే అయ్యగారికి,

వంతెన పక్క డ్రైక్లీనింగ్ షాపు ఆవిడ దండాలు. ఎదురింటి పిల్లకు తెల్లారితే ఇంటర్వ్యూ. చనిపోయిన వాళ్ళమ్మ వదిలివెళ్ళిన ఉన్నికోటు మీద సైకిల్ చైను గ్రీజు! నీళ్ళు తగిలితే ముడుచుకుపోయే బట్ట. పెట్రోలు లాంటి మీ నాఫ్తాతో గుడ్డ తడిపి అద్దాను. మరక మాయం! పిల్ల నన్ను కావలించుకుని ఒకటే ఏడుపు. ఆ పుణ్యం మీదే.

ఇట్లు,
షాపు ఆవిడ

తా.క. వాసన పోవడానికే పూటంతా పట్టింది.

అమ్మగారికి,

నాఫ్తా దుర్వాసనపై తమరి ఫిర్యాదు అందినది. చింతిస్తున్నాము. ప్లాస్టిక్కు, రంగులు, ఎరువులు చేసేవారెవరూ ఇంతవరకు వాసన గురించి రాయలేదు.

భవదీయుడు,
ఫిర్యాదుల గుమాస్తా

తా.క. ఏడ్చిన వ్యక్తి కళ్ళ డాక్టరు చీటీ జతపరచవలెను.

గుమాస్తా బాబుకి,

అయ్యో రాత! ఫిర్యాదు కాదు నాయనా, మెచ్చుకోలు! పిల్ల ఏడ్చింది సంతోషంతో. ఉద్యోగం కూడా వచ్చింది. మీ నాఫ్తా అంటే నాకెంత గురి అంటే, డబ్బా ఇస్త్రీ బల్ల కిందే, చేతికందేలా పెట్టుకున్నాను.

ఉంటాను మరి,
షాపు ఆవిడ

తా.క. "మెచ్చుకుంటే కేసు రాసేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నా" అంటున్నారు మా ఆయన.

అమ్మగారికి,

మా ఫారంలో 'మెచ్చుకోలు' అనే గడి లేదు. కావున తమరి ఉత్తరం రెండవ ఫిర్యాదుగా నమోదైనది. భద్రతా ఇంజనీరు గురువారం ఉదయం వస్తారు.

భవదీయుడు,
ఫిర్యాదుల గుమాస్తా

తా.క. అందాకా ఆ డబ్బా పెరట్లో నీడన ఉంచి, ఇస్త్రీ ఆపవలెను. తమరి భర్తగారిని సాక్షిగా చేర్చితిమి.

బాబూ,

నీ మాట వినలేదు, తప్పు నాదే. ఇస్త్రీ చెయ్యాల్సిన కోట్లు చాలా ఉన్నాయని, డబ్బా కదపకుండానే గురువారం కూడా షాపు తెరిచాను. ఇంజనీరమ్మ గుమ్మంలోనే ఆగిపోయి, "ఏ స్విచ్చూ ముట్టుకోకండి, అందరూ బయటికి రండి!" అని అరిచింది. వెనక గదిలో నిద్రపోతున్న మా ఆయన్ని లాక్కొచ్చాను. డబ్బా అడుగున చిల్లు. నాఫ్తా ఆవిరి నేల మీద పాకుతూ నిప్పును వెతుక్కుంటుందట. నా చెయ్యి అప్పటికే ఇస్త్రీపెట్టె స్విచ్చు మీదుంది బాబూ! నువ్వెవరి బిడ్డవో, చల్లగా ఉండు.

నీ పెద్దమ్మ లాంటి
షాపు ఆవిడ

తా.క. ఇప్పుడు నిజంగానే ఫిర్యాదు రాసుకో. ఆ ఇంజనీరమ్మ మంచినీళ్ళయినా తాగకుండా వెళ్ళిపోయింది.

పెద్దమ్మా,

ఇది ఆఫీసు కాగితం కాదు, నా సొంతం. ఇస్త్రీ బల్ల కింద డబ్బా అని చదవగానే నాకు చెమటలు పట్టాయి. చిన్న షాపుకి తనిఖీ అడిగితే మూడు నెలలు పడుతుంది. ఒకరి నుంచే రెండు ఫిర్యాదులొస్తే మూడు రోజులు. అందుకే మీ మెచ్చుకోలుని తెలిసే ఫిర్యాదుగా రాశాను, మన్నించండి. పంతొమ్మిదేళ్ళ నౌకరీలో మమ్మల్ని మెచ్చుకున్న మనిషి మీరొక్కరే. పోగొట్టుకోలేకపోయాను.

మీ
గుమాస్తా

తా.క. మొదటి ఉత్తరం మాత్రం ఫిర్యాదనే అనుకున్నాను. అలవాటు లేదు కదా.