సీటు కింది కుంపటి

ఖమీస్ ముషైత్,
ఆదివారం.

నా ఖుర్షీదాకు,

ఫోన్లో చెప్పలేక కాగితం మీద రాసి ఫోటో తీసి పంపుతున్నాను. స్పీకర్ పెట్టనిదే అమ్మకు తోచదు, వాయిస్ మెసేజ్ పెడితే వీధి వీధంతా వింటుంది. ఇది నువ్వొక్కదానివే చదువు.

నాకు అన్నకు వచ్చినట్టే వస్తోంది ఖుర్షీదా. పొద్దున వ్యాను తీసిన కాసేపటికి కణతల దగ్గర నొప్పి మొదలై, స్కూలు చేరేసరికి తల పగిలిపోతుంది. కడుపులో తిప్పుతుంది. మొన్నామధ్య ఒక మలుపులో ఎదురొచ్చే బండి రెండుగా కనిపించింది. అన్నకూ మొదట ఇలాగే కదా! తలలో గడ్డ అని తెలిసేసరికి అంతా చెయ్యి దాటిపోయింది.

స్కానింగుకి వెళ్ళడానికి ధైర్యం చాలడం లేదు. జబ్బు పేరు తెలిశాక ఈ గదిలో ఒంటరిగా ఎలా పడుకోను? వెనకాల ఇండియన్ స్కూలు టీచర్లు కూర్చుంటారు, అదేమో కొండ రోడ్డు. నా కళ్ళు తిరిగితే వాళ్ళ గతేమిటి? పాపం, నా మీద నమ్మకంతో ఈమధ్య ఎక్కగానే అందరూ నిద్రపోతున్నారు. నా వెనక సీటులో ఉండే సునీత టీచరుకైతే వాంతులు. కరీంనగర్ ఆవిడ, కడుపుతో ఉంది. ఘాట్ రోడ్డు పడటం లేదని ఉద్యోగం మానేస్తానంటోంది.

గురువారం నాకు వీసా ఇచ్చిన కఫీల్ వస్తాడు. ఇంటికి వచ్చేయడానికి ఎగ్జిట్ కొట్టించమని అడుగుతాను. ఆ తర్వాత ఇక్కడి కొలువు ఉండదు. అమ్మకు మాత్రం జబ్బు మాట చెప్పకు.

నువ్వు చలి గురించి అడిగావు. సౌదీ అంటే ఎండే అనుకుంటావు గానీ, ఈ కొండల మీద పొద్దున్నే పళ్ళు కటకటలాడతాయి. డీజిల్ ఇంజను వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది. అందుకే యూరప్ నుంచి వచ్చిన ఈ పాత వ్యానులో నా సీటు కింద ఒక చిన్న హీటర్ ఉంది. ఇంజను ఆపినా పని చేస్తుంది. చిన్న పంపు టిక్కు టిక్కుమంటూ ట్యాంకులోంచి డీజిల్‌ని బొట్టు బొట్టుగా తెస్తుంది. ఒక కడ్డీ ఎర్రగా కాలి దాన్ని అంటిస్తుంది. మంట మూసిన ఇనుప డబ్బాలోనే ఉంటుంది. ఫ్యాను ఆ డబ్బా పైనుంచి గాలి ఊదుతుంది, మనకు తగిలేది ఆ వేడి గాలే. మంటకు కావలసిన గాలి ఒక గొట్టంలో వస్తుంది, పొగ ఇంకో గొట్టంలో బయటికి పోతుంది. ఆ పొగ సరిగ్గా పక్క తలుపు దగ్గర కొట్టి, టీచర్లు ఎక్కుతుంటే బురఖాల్లాంటి వాళ్ళ పొడుగాటి అబాయాల అంచులకు దుమ్ము, మసి అంటించేది. వాళ్ళు ఇబ్బంది పడుతున్నారని ఆ పొగగొట్టాన్ని నేనే బండి కిందికి తిప్పేశాను. అందరూ మెచ్చుకున్నారు. ఇక్కడ నాకు మిగిలిన మంచిపేరు అదొక్కటే.

నీ
ఖాజావలి


ప్రొద్దుటూరు,
ఆదివారం సాయంత్రం.

హఫ్సా వాళ్ళ నాయనకు,

మీ ఉత్తరం ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి చదివి ఎవరిదో చొక్కా మాడ్చాను. ఇంత భయాన్ని కడుపులో పెట్టుకుని రోజూ నాతో ‘అన్నం తిన్నావా’ అని మాట్లాడతారా? చాలా కోపంగా ఉంది. ఎదురుగా ఉంటే తెలిసేది మీకు.

కోపం తగ్గాక మళ్ళీ చదివాను. శుక్ర, శనివారాల్లో మీ గొంతు హాయిగా ఉంటుంది, పాపతో పాటలు కూడా పాడతారు. తలలో గడ్డకు స్కూలు సెలవులు తెలుస్తాయా? జబ్బు మీకైతే, నిద్రలూ వాంతులూ వాళ్ళందరికీ ఎందుకు?

పోయిన వానాకాలం జల్లు కొడుతోందని తలుపు, కిటికీ మూసి ఇస్త్రీపెట్టెలో బొగ్గులు రాజేశాను. పొగ కూడా కనిపించలేదు. తల బరువెక్కింది, వాంతి వచ్చినట్టయింది, కూలబడ్డాను. పక్కింటి ఖాజాబీ నన్ను బయటికి ఈడ్చి, “తెలీదామే నీకు? బొగ్గుల గాలి మనిషిని నిద్దర్లోనే తీస్కపోతాది. తలుపు తెరిసి పెట్టుకోవల్ల!” అని తిట్టింది. మీరు కంగారు పడతారని మీకు చెప్పలేదు. దాచడంలో ఇద్దరం ఇద్దరమే.

మీ సీటు కింద ఉన్నది కుంపటే. దాని పొగని మీరే బండి కిందికి తిప్పారు. నా మీద ఒట్టు, రేపు దాన్ని వెలిగించకండి. అద్దాలు దించి నడపండి. అప్పటికీ నొప్పి వస్తే వచ్చేయండి, ఏ జబ్బైనా ఇద్దరం కలిసే చూసుకుందాం. ఈ రాత్రి నాకు నిద్ర పట్టదు.

మీ
ఖుర్షీదా


ఖమీస్ ముషైత్,
శుక్రవారం.

నా ఖుర్షీదాకు,

సోమవారం హీటర్ వెయ్యలేదు. అద్దాలు దించితే టీచర్లు చలికి వణికిపోయి నా మీద విసుక్కున్నారు. స్కూలు వచ్చింది, తలనొప్పి రాలేదు. నిద్రపోయిన వాళ్ళూ లేరు. స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చాను.

మధ్యాహ్నం మెకానిక్ లక్ష్మణ్‌తో కలిసి బండి కిందికి దూరాను. నేను తిప్పిన పొగగొట్టం మూతి, మంటకు గాలి తెచ్చే గొట్టం పక్కకే చేరింది. మంట తన పొగ తానే పీల్చుకుని, సరిగ్గా కాలక, ఇంకా విషపు పొగ వదులుతోంది. అది బయటికి పోయే దారి లేక, తలుపు అడుగున చిరిగిన రబ్బరు సందులోంచి లోపలికి వస్తోంది. ఆ సందు సునీత టీచరు కాళ్ళ దగ్గరే ఉంది.

నా జబ్బు భయం పోయి అంతకంటే పెద్ద భయం పట్టుకుంది. ఆ సాయంత్రమే వ్యాను ఆపి అందరికీ చెప్పాను. సునీత టీచరు పొట్ట మీద చెయ్యి వేసుకుంది. ఆవిడని ఆస్పత్రికి తీసుకెళ్ళి బయట నిలబడ్డాను. తెలిసిన దువాలన్నీ చదివాను ఖుర్షీదా. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ బయటికి వచ్చి, “బిడ్డ గుండె మంచిగనే కొట్టుకుంటున్నదన్నా. నాకు గూడ వినిపించిన్రు” అంది. స్కానింగుకి మళ్ళీ రమ్మన్నారు, అప్పటిదాకా నాకు ఈ గుబులు తప్పదు.

లక్ష్మణ్ హీటర్ శుభ్రం చేసి, రబ్బరు మార్చి, గొట్టాన్ని మళ్ళీ బయటికి పెట్టాడు. నిన్న కఫీల్ వచ్చాడు. ఎగ్జిట్ అడుగుదామనుకున్న నోటితోనే, విషవాయువు చేరితే కూత పెట్టే అలారం కావాలని అడిగాను. వెంటనే తెప్పించాడు. మానేస్తానన్న సునీత టీచరు నిన్న మళ్ళీ స్టాపులో నిలబడి ఉంది. ఎక్కుతుంటే పొగ తగిలి అబాయా అంచుకు మసి అంటింది. నేను గుడ్డ తీసుకుని దిగబోయాను.

“కూసో అన్నా. మసి అంటితె ఉతుక్కుంట. పైపు మాత్రం తిప్పకు” అంది.

ఆ మసి చూసి నాకు మళ్ళీ కళ్ళ నీళ్ళు వచ్చాయి. తుడుచుకుని బండి తీశాను. నువ్వు మాత్రం తలుపు తెరిచే బొగ్గులు రాజెయ్యి.

నీ
ఖాజావలి