లేని పేగుకు పూర్తి మార్కులు

ఏమండీ,

పేగును పుండ్లు చేసే క్రోన్స్ జబ్బని నా పేగు ముక్క కోసేసిన రోజున, "తీసేసిన ముక్కతో ఇక మనకు పేచీ లేదు" అన్నారు మీరు. అది తప్పు.

నిన్నటికి మీరు పోయి మూడేళ్లు. ఇవాళ దిల్‌సుఖ్‌నగర్‌లో స్కాన్ చేయించుకున్నాను. ఇన్నేళ్లలో పేగు ఎంత పాడైందో కొలిచి, పాడైనకొద్దీ ఎక్కువ మార్కులు వేస్తారట. నొప్పి ఉన్నచోట వేలు పెట్టి చూపించాను.

"గాడ ఏం లేదు గదమ్మా, ఎప్పుడో తీసేసిన్రు," అంది స్కాన్ చేసే పిల్ల.

డాక్టరమ్మ లెక్క వేరు. "కోసేసిన ముక్కకే పూర్తి మార్కులండీ. ఇప్పుడు దాని పక్కది సన్నబడుతోంది. ఇంజక్షన్లు మొదలుపెట్టకపోతే అదీ పోవచ్చు," అంది.

ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పాను. లేనిదానికి నూటికి నూరు వేయడం ఇదే చూడటం. ఇంజక్షన్లకు ఒప్పుకున్నాను.

ఇంటికొచ్చేసరికి వంటింట్లో మీ దగ్గు. రోజూ వినిపించేదే, నా భ్రమ లెమ్మని ఇన్నాళ్లూ పలకలేదు. ఇవాళ, "కాసిని మంచినీళ్లు తాగండి," అన్నాను. దగ్గు ఆగింది.

రేపు పదింటికి మందుల షాపాయన ఇంజక్షన్ తెస్తాడు. ఆ వేళకి నేను ఎల్బీనగర్‌లో బ్యాంకులో ఉంటాను. తలుపు తీసి, డబ్బా అందుకుని ఫ్రిజ్‌లో మధ్య అరలో పెట్టండి. ఫ్రీజర్‌లో కాదు.